గడప నేర్పే చదువు

మనిషి గొప్పతనాన్ని కొలవడానికి లోకంలో అనేక కొలతలు ఉన్నవి. విద్య ఒక కొలత, ధనము ఒక కొలత, పదవి మరొక కొలత. ఈ మూడింటికీ అందని గుణము వేరొకటి ఉన్నది. దానినే మన పెద్దలు శీలమన్నారు. ఉర్దూలో అఖ్లాఖ్ అంటారు. శీలవంతుడెవరని అడిగితే, అబద్ధమాడనివాడు, పరుల సొమ్ము ముట్టనివాడు అని వెంటనే సమాధానం వస్తుంది. అయితే శిక్షకు భయపడి దొంగిలించనివారు, అవకాశం దొరకక దొంగిలించనివారు కూడ లోకంలో ఉన్నారు. కనుక శీలాన్ని పరీక్షించడానికి ఇంతకంటె నికరమైన గీటురాయి కావలసి ఉన్నది. తనకు ఏ విధంగాను ఉపయోగపడనివాని పట్ల, మరల ఎన్నడూ కనబడడని తెలిసినవాని పట్ల మనిషి ఎలా నడుచుకొంటాడు? ఆ గీటురాయి ఇదేనని మా అభిప్రాయం.

ముక్కు మొగము తెలియనివానిని ఆదరించే ఈ గుణం బిడ్డలకు ఎక్కడ అబ్బుతుంది? పాఠ్యపుస్తకంలోనా, ఉపన్యాసంలోనా, లేక ఇంటి గడపలోనా? ఈ ప్రశ్నను కొంత విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

తల్లిదండ్రుల నుండి బాటసారి వరకు

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో విద్య ముగించి ఇంటికి మరలే శిష్యునికి ఆచార్యుడు చేసే హితబోధ ఒకటి ఉన్నది. ఆనాటి స్నాతకోపన్యాసం అదే అనుకోవచ్చు. అందులో దైవసమానులుగా చూడవలసినవారిని గురువు వరుసగా పేర్కొంటాడు. మొదట తల్లి, తరువాత తండ్రి, పిదప ఆచార్యుడు, చివరకు అతిథి. పవిత్ర ఖుర్ఆన్‌లోని నిసా అధ్యాయం 36వ ఆయతులో మరొక వరుస కనబడుతుంది. దైవారాధన తరువాత తల్లిదండ్రులు, ఆపైన బంధువులు, అనాథలు, పేదలు, దగ్గరి పొరుగువాడు, పరాయి పొరుగువాడు, ప్రక్కనున్న సహచరుడు, బాటసారి, తమ అధీనంలో ఉన్నవారు. వీరందరి పట్ల మంచిగా మెలగవలెనన్నది అందులోని ఆదేశం.

ఈ రెండు గ్రంథాలు వేరు వేరు దేశాలలో, వేరు వేరు కాలాలలో, వేరు వేరు భాషలలో వెలసినవి. అయినను రెండింటిలోను వరుస తల్లిదండ్రులతో మొదలై, ఇంటి గడప దాటి, దారినపోయే మనిషి వరకు సాగుతున్నది. ఇంటి మర్యాద, బయటి మర్యాద అని రెండు వేరు మర్యాదలు లేవనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం అక్కరలేదు. తల్లిని గౌరవించడం నేర్చినవాడు ఆ గౌరవాన్ని బాటసారి దాక తీసుకొనిపోలేకపోతే ఆ చదువు సగంలో ఆగిపోయినట్లే.

మాటలు, శాసనాలు చెప్పే సాక్ష్యం

అతిథి అనే మాటకు తిథి నియమం లేనివాడని పెద్దలు అర్థం చెప్పారు. ఫలానా దినాన వస్తానని కబురు పంపి వచ్చేవాడు చుట్టము. కబురు లేకుండ వచ్చినవాడే అసలైన అతిథి. అరబీలో బాటసారిని ఇబ్నుస్సబీల్ అంటారు. 'దారి బిడ్డ' అని దాని అర్థం. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలవారిలో ఈ దారి బిడ్డ కూడ ఒకడు. స్వగ్రామంలో సంపన్నుడైనప్పటికి, ప్రయాణంలో చేతి సొమ్ము అయిపోయి నిలిచిపోయినవాడు ఇందుకు అర్హుడేనని ధర్మశాస్త్రవేత్తలు చెప్పారు. దాహమైన బాటసారికి నీరో షర్బతో ఇచ్చే తావును మన ఉర్దూవారు సబీల్ అంటారు. మొహర్రం దినాలలో హైదరాబాదు వీధులలో వెలిసే సబీళ్ళు, వేసవిలో తెలుగు ఊళ్ళలో తాటాకు పందిరి క్రింద కుండలు పెట్టి నడిపే చలివేంద్రాలు ఒకే తల్లి బిడ్డలు. కుండలోని నీరు త్రాగేవాని పేరు అడగదు.

మన దేశచరిత్ర కూడ ఈ మాటనే చెబుతుంది. పూర్వం తుపానుకు ఓడ పగిలి సరకు తీరానికి కొట్టుకొనివస్తే, దానిని ఆ దేశపు రాజు స్వాధీనం చేసుకొనే ఆచారం ఉండేది. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244-45 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి ఈ ఆచారాన్ని మాన్పించాడు. ద్వీపాంతరాల నుండి వచ్చే నావికుల సరకు వారిదేనని, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమియు తీసుకొనబోమని ఆ శాసనం హామీ ఇచ్చింది. ఆపదలో ఉన్న పరాయివాని నిస్సహాయత మనకు ఆదాయమార్గం కారాదన్న నీతిని ఒక తెలుగు ప్రభువు రాతిపై చెక్కించాడన్నమాట. గోలకొండ సమీపాన షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి నేటికీ నిలిచి ఉన్నది. కోటకు వచ్చిపోయే వర్తకులు, ప్రయాణికులు విడిది చేయడానికి కట్టించినది అది.

రాజులకు శాసనాలున్నవి, సరాయిలున్నవి. సామాన్య గృహిణికి ఏమున్నది? వంటిల్లు ఉన్నది. గోదావరి సీమలోని లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) ఆ ఒక్క సాధనంతోనే చరిత్రలో నిలిచారు. గోదావరి పాయలు దాటి రాకపోకలు సాగించే ప్రయాణికులు వేళగాని వేళ ఆకలితో వచ్చినా ఆమె అన్నం పెట్టి పంపేవారు. ఆమె మరణించి నూరేండ్లు గడచిపోయినవి. అయినను గన్నవరం వద్ద వైనతేయ గోదావరిపై కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ పాఠశాలలలోని మధ్యాహ్న భోజన పథకానికి కూడ ఆమె పేరే పెట్టారు. వచ్చినవాడు ఎవరని అడుగక ముందే విస్తరి వేసిన ఇల్లాలిని లోకం ఇట్లు గుర్తుపెట్టుకొన్నది.

పూర్వపు ఇళ్ళకు వీధి వైపు అరుగులుండేవి. ఇంటివారు కూర్చొనడానికే గాక, దారినపోయేవాడు క్షణం సేపు నీడపట్టున ఆగడానికి కూడ అవి పనికివచ్చేవి. నేటి ఇళ్ళకు అరుగులు లేవు. ప్రహరీగోడ ఉన్నది, ఇనుప గేటు ఉన్నది, 'కుక్క ఉన్నది జాగ్రత్త' అనే పలక ఉన్నది. కాలం మారినందుకు ఎవరినీ నిందించి ప్రయోజనం లేదు. కాని అరుగు చేసిన పనిని ఇప్పుడు ఎవరు చేయవలె? ఇంటిలోని మనుషులే చేయవలె.

పిల్లలు ఎట్లు నేర్చుకొంటారు?

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని తెలుగు సామెత. ఖర్బూజాను చూచి ఖర్బూజా రంగు పట్టుకొంటుందని ఉర్దూ సామెత. పల్లెటూరి ముసలమ్మలు ఏనాడో కనిపెట్టిన ఈ సత్యాన్నే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు ప్రయోగాల ద్వారా నిరూపించారు. 1961లో ఆల్బర్ట్ బండూరా, ఆయన సహచరులు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశువిద్యాలయంలో 72 మంది పిల్లలపై ఒక ప్రయోగం చేశారు. కొందరు పిల్లల ఎదుట ఒక పెద్దమనిషి గాలి నింపిన బొమ్మను కొట్టి, తిట్టి, తన్నినాడు. మరికొందరి ఎదుట పెద్దమనిషి ఆ బొమ్మ జోలికి పోకుండ ప్రశాంతంగా ఆడుకొన్నాడు. తరువాత పిల్లలను ఆటవస్తువుల మధ్య విడిచిపెట్టగా, కొట్టడం చూచిన పిల్లలలో అనేకులు ఆ దెబ్బలనే, ఆ తిట్లనే అనుకరించారు. కొట్టమని వారికి ఎవరూ బోధించలేదు. చూచారు, నేర్చుకొన్నారు.

చెడు ఇంత సులభంగా అంటుకొనేటప్పుడు మంచి మాట ఏమిటి? ఇక్కడ మనకు ఊరట కలిగించే విషయం ఒకటి ఉన్నది. 2006లో వార్నెకెన్, తొమసెల్లో అనే శాస్త్రవేత్తలు పదునెనిమిది నెలల పసివారిని 24 మందిని పరీక్షించారు. ముందు పరిచయం లేని వ్యక్తి బట్టలారవేస్తూ క్లిప్పు జారవిడిచి అందుకోలేక అవస్థపడుతుంటేనో, చేతినిండ పుస్తకాలతో బీరువా తలుపు తీయలేకుంటేనో ఈ పసివారు ఏమి చేస్తారని గమనించారు. 22 మంది కనీసం ఒక్కసారియైనా లేచి వెళ్ళి సాయం చేశారు. సరిగా మాటలైనా రాని వయస్సులో పరాయివాని అవసరాన్ని గుర్తించే శక్తి బిడ్డలో ఉన్నదని దీని వలన తేలుతున్నది. అదే శాస్త్రవేత్తలు 2008లో మరొక సంగతి బయటపెట్టారు. సాయం చేసిన ప్రతిసారి బొమ్మ బహుమతిగా ఇచ్చి, తరువాత ఆ బహుమతి మానివేస్తే, ఆ పిల్లలలో సాయపడే గుణం తగ్గింది. బహుమతి ఎరుగని పిల్లలు మాత్రం మునుపటివలెనే సాయపడుతూ వచ్చారు. 'తాతకు మంచినీళ్ళు ఇచ్చి రా, చాక్లెట్టు ఇస్తాను' అనే తల్లులు ఈ విషయం ఆలోచించవలె. దయను కూలిపనిగా మార్చితే, కూలి ఆగిన రోజున దయ కూడ ఆగుతుంది.

ఉర్దూ చదువుకొన్న మన విద్యార్థులకు డిప్యూటీ నజీర్ అహ్మద్ గారి 'తౌబతున్నసూహ్' నవల పరిచితమే. పందొమ్మిదవ శతాబ్దంలో వెలువడిన ఈ నవలలో నసూహ్ అనే తండ్రి కలరా జ్వరంలో కన్న కల వలన మేల్కొని, తన సంతానాన్ని చక్కదిద్దడానికి పూనుకొంటాడు. చిన్నపిల్లలు దారికి వస్తారు. పెద్దకొడుకు కలీం ఎదురు తిరిగి ఇల్లు విడిచిపోతాడు. అతని పుస్తకాలను తండ్రి తగులబెట్టిన ఘట్టం చదువరులను నేటికీ కలవరపెడుతుంది. కాని ఆ నవలలో అంతగా చర్చకు రాని మరొక అంశం ఉన్నది. చిన్నకొడుకు సలీం తండ్రి ఉపదేశానికి ముందే సగం మారి ఉంటాడు. ఇరుగు పొరుగున ఉన్న ఒక వృద్ధురాలు, మనవల పెంపకంలో ఆమె పాటించే మర్యాద, ఆ పిల్లల నడవడి, వీనిని చూచి అతడు మారినాడు. ఒక ఇంట అధికారం చేయలేని పనిని మరొక ఇంటి ఆచరణ చేసింది. అంటే మన ఇంటి నడవడి మన పిల్లలకు మాత్రమే పాఠం కాదు. గోడ అవతలి పిల్లలు కూడ ఆ పాఠం వింటున్నారు.

దినదినం జరిగే పాఠాలు

ఈ పాఠాలు ఎప్పుడు జరుగుతున్నవి? ప్రత్యేకమైన వేళ ఏదీ లేదు. గుమ్మం ముందు కూరగాయల బుట్ట దించిన ముసలమ్మతో తల్లి బేరమాడే వేళ ఒక పాఠం. రూపాయి తగ్గించమని అడగడంలో తప్పు లేదు. కాని ఆమెను 'ఏమే' అంటున్నదా, 'అవ్వా' అంటున్నదా అన్నది బిడ్డ వింటున్నాడు. మన రెండు భాషలలోను పరాయివారిని చుట్టరికం కలిపి పిలిచే సదాచారం ఉన్నది. తెలుగులో అన్నా, అక్కా, తాతా, పెద్దమ్మా అంటాము. ఉర్దూలో భాయీ, ఆపా, చాచా, ఖాలా అంటాము. పేరు తెలియనివానిని చుట్టముగా మార్చే ఈ పిలుపులు చిన్న విషయాలు కావు. మర్యాదస్తుల ఉర్దూ ఇళ్ళలో పసిబిడ్డను సైతం 'ఆప్' అని పిలిచే అలవాటు ఉన్నది. ఆ మన్నన పొందిన బిడ్డ దానిని ఇతరులకు ఇవ్వడం కూడ నేర్చుకొంటాడు. మన్నన ఎరుగని బిడ్డ దేనిని ఇవ్వగలడు?

ఇంటిలో పనిచేసే మనిషికి ఏ గ్లాసులో టీ ఇస్తున్నామన్నది ఒక పాఠం. రిక్షా దిగి డబ్బులిచ్చేటప్పుడు చేతికి ఇస్తున్నామా, విసురుతున్నామా అన్నది ఒక పాఠం. దారి అడిగిన పల్లెటూరి వానికి రెండు నిముషాలు నిలిచి చెబుతున్నామా, 'అటు పో' అని చేయి ఊపి సాగిపోతున్నామా అన్నది మరొక పాఠం. పెద్దలు వీనిని మరచిపోతారు. పిల్లలు మరచిపోరు.

మంచివారమే అనుకొనే మనల్ని కూడ కఠినులుగా మార్చే శత్రువు ఒకటి ఉన్నది. అది తొందర. 1973లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ప్రిన్స్‌టన్ మతవిద్యాలయంలో 40 మంది విద్యార్థులను పరీక్షించిన వైనం చదువదగినది. విద్యార్థులను ప్రక్క భవనానికి వెళ్ళి ఉపన్యసించమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం, దారిలో గాయపడిన పరాయివానిని ఆదుకొన్న సమరయుని కథ. వెళ్ళే దారిలో ఒక మనిషి గుమ్మంలో కూలబడి మూలుగుతున్నట్లు ఏర్పాటు చేశారు. 'ఇప్పటికే ఆలస్యమైనది, త్వరగా వెళ్ళండి' అని తొందరపెట్టబడినవారిలో నూటికి పదిమంది మాత్రమే ఏదో ఒక విధంగా సాయపడినారు. వ్యవధి ఉన్నదని చెప్పబడినవారిలో నూటికి 63 మంది సాయపడినారు. దయను గురించి ఉపన్యసించబోతున్నవారు కూడ తొందరలో ఆ మనిషిని దాటిపోయినారన్నది ఇందులోని విషాదం. కనుక పిల్లలకు నీతికథలు చెప్పినంత మాత్రాన చాలదు. ప్రొద్దున లేచినది మొదలు 'త్వరగా, త్వరగా' అని తరిమే ఇంటిలో కథలోని నీతికి నిలువ నీడ దొరకదు. పది నిముషాలు ముందుగా బయలుదేరడం కూడ ఒక సద్గుణమే.

రెండు భయాలు

పరాయివారికి సాయపడుదామంటే నేటి తల్లిదండ్రులకు రెండు భయాలున్నవి. ఈ భయాలు అర్థం లేనివి కావు గనుక వీనిని విచారించవలసి ఉన్నది.

మొదటిది పోలీసు భయం. రోడ్డు ప్రమాదంలో పడిపోయినవానిని ఆస్పత్రిలో చేర్పిస్తే సాక్ష్యమనీ, విచారణ అనీ తిప్పుతారని, ఖర్చు మన మీద పడుతుందని అనేకులు జంకుతారు. ఈ జంకు వలన ఎందరో రోడ్డు మీదనే ప్రాణాలు విడిచారు. ఇప్పుడు చట్టం మారినది. 2016లో సుప్రీంకోర్టు, ప్రాణదాతలను వేధింపుల నుండి కాపాడే మార్గదర్శకాలకు ఆమోదముద్ర వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134-ఎ విభాగం, సదుద్దేశంతో సాయపడినవాని మీద కేసులు పెట్టరాదని రక్షణ కల్పించింది. సాయం చేసినవాడు తన పేరు, చిరునామా చెప్పనవసరం కూడ లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 సేవ నేడు ఒక్క ఫోను దూరంలో ఉన్నది. ఈ విషయాలను ప్రతి తండ్రి తన బిడ్డలకు చెప్పవలె. అంతకంటె ముఖ్యంగా, రోడ్డు మీద గుంపు కనబడినపుడు వెనుక బిడ్డను కూర్చోబెట్టుకొని స్కూటరు ప్రక్కకు తిప్పి సాగిపోరాదు. ఆ క్షణంలో ఒక ప్రాణం పోవచ్చు. మన వెనుక కూర్చున్న మనసులో మరొకటి కూడ చచ్చిపోవచ్చు.

రెండవది పిల్లల క్షేమాన్ని గురించిన భయం. ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులకు ఈ భయం సహజం. దయ వేరు, అమాయకత్వం వేరు. పరాయివాని వెంట వెళ్ళరాదని, ఇంట ఒంటరిగా ఉన్నపుడు తలుపు తీయరాదని, మనసుకు జంకు కలిగించినవారిని గురించి వెంటనే తల్లికి చెప్పవలెనని పిల్లలకు నేర్పవలసినదే. ఆపదలో ఉన్న పిల్లలకు 1098 అనే ఫోను నంబరు ఉన్నదని కూడ చెప్పవలసినదే. అయితే 'పరాయివారందరూ చెడ్డవారు' అని చెప్పడం మాత్రం అసత్యం. 'సాయపడవలె ననిపిస్తే పెద్దలను పిలువు, మనమిద్దరం కలిసి సాయపడుదాం' అని నేర్పితే జాగ్రత్తకూ దయకూ పొత్తు కుదురుతుంది. నిజం చెప్పవలెనంటే, దారి తప్పిన మన బిడ్డను ఇంటికి చేర్చేవాడు కూడ ఏదో ఒకనాడు ఒక పరాయివాడే.

కష్టమైన పరీక్ష

దాహానికి నీరిచ్చినంత సులభం కాని పరీక్ష ఒకటి ఉన్నది. ఏటేటా పల్లెల నుండి పట్టణాలకు చదువుకై వచ్చే విద్యార్థులు గది కోసం వీధి వీధి తిరుగుతారు. 'అద్దెకు ఇవ్వబడును' అనే పలక చూచి తలుపు తట్టుతారు. ఇంటి యజమాని మర్యాదగానే మాట్లాడి పేరు అడుగుతాడు. పేరు విన్న తరువాత, 'గది నిన్ననే ఇచ్చివేశాము బాబూ, పలక తీయడం మరచిపోయినాము' అంటాడు. మతం పేరిట కొందరికి, కులం పేరిట మరికొందరికి ఈ అనుభవం కలుగుతున్నది. మా విద్యార్థులకు ఇది తెలియని సంగతి కాదు. ఆ పూట వారి మొగాలలో కనబడే ముడుచుకొన్న మౌనాన్ని అధ్యాపకులుగా మేము చూస్తూనే ఉన్నాము.

ఆ బాధను చులకన చేయడానికి మాకు మనసొప్పదు. అయితే బాధపడినవానికి ఒక బాధ్యత కూడ సంక్రమిస్తుంది. రేపు మన ఇంటిలో గది ఖాళీ అయినపుడు తలుపు తట్టినవానిని మనమేమి అడుగుతాము? మన పేరు వంటిది కాని పేరు వినబడితే మన నోట ఏ మాట వస్తుంది? ఆ సంభాషణ జరిగేటప్పుడు లోపలి గదిలో ఒక పిల్లవాడు లెక్కలు చేసుకొంటూ ఉంటాడు. గది ఖాళీగా ఉన్నదని వానికి తెలుసు. 'ఇచ్చివేశాము' అన్న మాట వాడు విన్నాడు. తండ్రి నోట వాడు విన్న మొదటి అబద్ధం అదే కావచ్చు. పరాయివానిని నిరాకరించడం, సత్యాన్ని విడనాడడం, బిడ్డకు రెండింటినీ నేర్పడం, మూడూ ఒక్క వాక్యంలో జరిగిపోయినవి. దయ, సత్యం, పెంపకం మూడు వేరు వేరు అధ్యాయాలు కావని మేము మొదట చెప్పిన మాటకు ఇదే తార్కాణం.

విద్యార్థులతో ఒక మాట

ప్రియ విద్యార్థినీ విద్యార్థులారా! ఈ వ్యాసం తల్లిదండ్రులకు గదా, మాకెందుకని మీరనుకోవచ్చు. కొద్ది సంవత్సరాలలో మీరే తల్లిదండ్రులవుతారు. అంతవరకైనా ఆగనవసరం లేదు. మీ ఇంట తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. మీరు బస్సులో గర్భిణికి చోటు ఇవ్వడం వారు చూస్తారు. కళాశాల చూడడానికి పల్లె నుండి పంచెకట్టుతో వచ్చిన తండ్రిని స్నేహితుల ఎదుట తలయెత్తి పరిచయం చేస్తున్నారా, ప్రక్కదారిన పంపివేస్తున్నారా అన్నది కూడ చూస్తారు. తండ్రిని చూచి సిగ్గుపడే యువకుడు బాటసారిని ఆదరిస్తాడని మేము నమ్మలేము. ఆ వరుస తల్లిదండ్రులతోనే మొదలవుతుందని పూర్వులు చెప్పనే చెప్పారు.

పట్టా పుచ్చుకొని మీరు ఈ ప్రాంగణం దాటి వెళ్ళే నాడు మీ మార్కుల పట్టిక మీతో వస్తుంది. శీలానికి అటువంటి పట్టిక ఎవరూ ఇవ్వరు. ఎండవేళ మీ గుమ్మం ముందు ఆగిన మనిషి, మీరిచ్చిన నీళ్ళు త్రాగి, గ్లాసు తిరిగి ఇచ్చి, మీ పేరైనా అడుగకుండ తన దారిన తాను పోతాడు. లోపలి నుండి ఒక బిడ్డ దానిని చూస్తూ ఉంటుంది. అంతే చాలును.